ఫుట్‌బాల్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం

భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల్లో ఇప్పటివరకు రెండే రెండుసార్లు బంగారు పతకం గెలిచింది. మొదటిసారి 1951లో ఢిల్లీలో, రెండోసారి 1962లో జకార్తాలో. ఈ పదకొండేళ్లలో ఆటగాళ్లు మారిపోయారు, ఆడే పద్ధతి మారిపోయింది, కాళ్లకు బూట్లు కూడా వచ్చాయి. రెండు జట్లకూ శిక్షకుడు మాత్రం ఒక్కరే. ఆయన హైదరాబాదులో బడి పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లు ఆయనను రహీం సాబ్ అని పిలిచేవారు.

2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమా చూసినవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. సినిమాలో పెద్ద పోటీలు, పెద్ద గెలుపులు చూపించారు. ఆ గెలుపుల వెనక ఒక ఉపాధ్యాయుడు ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. ఆ పని గురించి తెలుసుకుందాం.

బడిలో మొదలైన ఆట

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. అప్పుడు హైదరాబాదు నిజాం పాలనలో ఉండేది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. చదువుకునే రోజుల్లో విశ్వవిద్యాలయ జట్టు తరఫున ఆడారు. చదువయ్యాక బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పాఠాలు చెప్పిన బడుల్లో కొన్ని. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడి ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. చివరిదాకా ఆ బాధ్యతలో ఉన్నారు. కార్యదర్శి అంటే కాగితాల మీద సంతకాలు పెట్టడమే అనుకోలేదు ఆయన. పిల్లలు ఎలా ఆడుతున్నారో గమనించారు. లోపాలు ఎక్కడున్నాయో చూశారు. ఆ లోపాలను తిట్లతో కాకుండా పోటీలతోనే సరిదిద్దాలనుకున్నారు.

మనలో చాలామందికి కుడి కాలే బలమైన కాలు. బంతి ఎడమవైపు వస్తే ఏం చేస్తాం? ఒంటిని తిప్పుకుని, బంతిని కుడి కాలికి తెచ్చుకుని, అప్పుడు తంతాం. దానికి ఒక్క క్షణం పడుతుంది. ఎదుటి జట్టు డిఫెండర్‌కు ఆ ఒక్క క్షణం చాలు, బంతి లాగేసుకుంటాడు. ఇది గమనించిన రహీం బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టారు. కుడి కాలి ఆటగాడు అక్కడ ఎడమ కాలితోనే ఆడాలి. మొదట్లో బంతి అటూ ఇటూ పోతుంది, చూసేవాళ్లు నవ్వుతారు. అయితే అందరిదీ అదే అవస్థ కాబట్టి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. కొన్నాళ్లకు ఆ కాలు కూడా మాట వింటుంది.

ఇంకో లోపం, బంతి దొరికితే ఒక్కడే దాన్ని పట్టుకుని పరుగెత్తడం. నలుగురిని తప్పించి వెళ్తే చూడటానికి బాగుంటుంది. కానీ పక్కన ఖాళీగా నిలబడ్డ తోటి ఆటగాడు అలాగే నిలబడిపోతాడు. దీనికి విరుగుడుగా రహీం డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టారు. బంతి వస్తే వెంటనే ఇంకొకరికి అందించాలి. అలా అందించాలంటే బంతి రాకముందే ఎవరు ఎక్కడున్నారో చూసుకోవాలి. అంటే కాలి కన్నా ముందు కన్ను, బుర్ర పనిచేయాలి.

మూడోది, పొడుగు పిల్లల ముందు పొట్టి పిల్లలు వెనకబడిపోవడం. అందుకని ఎత్తుకు హద్దు పెట్టి చిన్నపిల్లలకు వేరే పోటీలు నడిపారు. బక్కగా, పొట్టిగా ఉన్న పిల్లలకు కూడా ఆటలో చోటు దొరికింది.

ఈ మూడింటికీ ఖరీదైన సామాను ఏమీ అక్కర్లేదు. ఒక మైదానం, ఒక బంతి, ఒక కొత్త నియమం ఉంటే చాలు. బడి పంతులు ఆలోచన అంటే అదే.

పోలీసు జట్టు

1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. రెండేళ్లకు, 1950లో, రహీం హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. దేశంలో అప్పటికి ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బుల పేర్లు అందరి నోళ్లలో ఉండేవి. అలాంటి రోజుల్లో దక్షిణాది పోలీసు జట్టు 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. అదే ఏడాది బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ కూడా గెలిచింది. అంతటితో ఆగలేదు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ హైదరాబాద్ పోలీసులదే.

వాళ్లలో విడివిడిగా గొప్ప ఆటగాళ్లు ఉన్నారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ భారత జట్టుకూ ఆడారు. అయితే వాళ్లను గెలిపించింది కలిసికట్టుగా ఆడే అలవాటు. పోలీసు ఉద్యోగం ఉండటం వల్ల నెలనెలా జీతం వచ్చేది. ఆటగాళ్లు ఒకే జట్టులో, ఒకే గురువు దగ్గర, ఏళ్ల తరబడి కలిసి ఉండగలిగారు. రహీం చూపు ఒక్క పోలీసు జట్టు దగ్గరే ఆగలేదు. 1955-56లో, ఆ మరుసటి ఏడాది కూడా హైదరాబాద్ రాష్ట్ర జట్టు ఆయన శిక్షణలో జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీ గెలిచింది.

పది గోళ్ల దెబ్బ

భారత జట్టుతో ఆయన మొదటి పెద్ద విజయం 1951లో వచ్చింది. ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో మనవాళ్లు ఇరాన్‌ను 1-0తో ఓడించారు. ఆ ఒక్క గోలు సాహూ మేవాలాల్ కొట్టాడు. శైలేన్ మన్నా కెప్టెన్. దేశమంతా సంబరపడింది.

మరుసటి ఏడాదే కళ్లు తెరిపించే దెబ్బ తగిలింది. 1952లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో ఒలింపిక్స్ జరిగాయి. అప్పటికి మన ఆటగాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడేవారు. చిన్నప్పటి నుంచి అలాగే నేర్చుకున్నారు, బంతి మీద పట్టు కూడా అలాగే వచ్చింది. ఎండిన నేల మీద అది చెల్లింది. చల్లటి దేశంలో, బూట్లు వేసుకున్న బలమైన యుగోస్లావియా జట్టు ముందు చెల్లలేదు. మనవాళ్లు 1-10 తేడాతో ఓడిపోయారు. ఆ యుగోస్లావియాయే తర్వాత ఆ ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచింది. అయినా పది గోళ్లు పది గోళ్లే.

ఆ ఓటమి తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. వినడానికి చిన్న మార్పే. కానీ ఇరవై ఏళ్లు వట్టి కాళ్లతో ఆడినవాడు ఒక్కసారిగా బూట్లు వేసుకుంటే, నడక దగ్గర నుంచి బంతిని ఆపడం దాకా అన్నీ మళ్లీ నేర్చుకోవాలి. బలహీనమైన కాలికి ఓపిగ్గా ఆట నేర్పిన మాస్టారికి ఆ పని కొత్త కాదు.

మారాల్సింది బూట్లు ఒక్కటే కాదని కూడా రహీంకు తెలుసు. ఆ రోజుల్లో దాదాపు అన్ని దేశాలూ ఇంగ్లండ్ నేర్పిన పాత పద్ధతిలో ఆటగాళ్లను నిలబెట్టేవి. ఫలానావాడు ఫలానా చోటే నిలబడాలి, అతణ్ణి కాచుకునేవాడు అతణ్ణే కాచుకోవాలి. 1953 నవంబరులో హంగరీ జట్టు లండన్ వచ్చి వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. స్టాన్లీ మాథ్యూస్ వంటి పేరుమోసిన ఫార్వర్డ్ ఇంగ్లండ్ జట్టులో ఉన్నా ఫలితం లేకపోయింది. హంగరీ ఏం చేసిందంటే, ముందుండాల్సిన సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటిని కాస్త వెనక్కి జరిపింది. అతణ్ణి కాచుకోవాల్సిన డిఫెండర్‌కు ముందుకు వెళ్లాలో, తన చోటే ఉండాలో అర్థం కాలేదు. ఫుట్‌బాల్ ప్రపంచం మారుతోందని చాలా దేశాలకు అప్పుడే తెలిసింది. అలాంటి మార్పులను మన దేశంలో ముందుగా పట్టుకున్నవారిలో రహీం ఒకరు. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ 4-2-4 పద్ధతితో ఆడి లోకాన్ని మెప్పించింది. ఆ పద్ధతిని తమ మాస్టారు అంతకు ముందే తమతో ఆడించారని ఆయన శిష్యులు గర్వంగా చెప్పుకునేవారు.

మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం

1956లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ జరిగాయి. మొదటి రౌండులో మనతో ఆడాల్సిన హంగరీ రాలేదు. తర్వాతి ఆట ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాతో. మనవాళ్లు 4-2తో గెలిచారు. నెవిల్ డిసౌజా అనే ఫార్వర్డ్ ఒక్కడే మూడు గోళ్లు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడు అతనే. ఆసియా ఖండం నుంచి ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన మొదటి జట్టు కూడా మనదే.

సెమీఫైనల్లో ఎదురైంది ఎవరో తెలుసా? నాలుగేళ్ల కిందట పది గోళ్లు కొట్టిన యుగోస్లావియాయే. ఈసారి మొదటి సగంలో ఎవరూ గోలు కొట్టలేదు. రెండో సగంలో మొదటి గోలు మనదే, అదీ డిసౌజా కొట్టిందే. తర్వాత యుగోస్లావియా పుంజుకుని 4-1తో గెలిచింది. కంచు పతకం కోసం ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో కూడా ఓడి మనం నాలుగో స్థానంలో నిలిచాం. పతకం రాలేదు. కానీ 1-10 నుంచి 1-4కు, అదీ ముందు గోలు కొట్టి, రావడానికి పట్టింది నాలుగేళ్లే.

ఆ జట్టులో ఇరవై ఏళ్ల కుర్రాడు ఒకడు ఉన్నాడు. పేరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ అతని ఊరు, పేద కుటుంబం. అతని ఆట చూసి రహీం శిక్షణకు రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి అతని దగ్గర డబ్బుల్లేవు. సైకిల్ అద్దెకు తీసుకుని రావడానికి రహీమే డబ్బులిచ్చారు. ఆ సైకిల్ మీద వచ్చిన కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోళ్లు కొట్టాడు. మన దేశం చూసిన గొప్ప ఫార్వర్డులలో ఒకడుగా పేరు తెచ్చుకున్నాడు. రోమ్‌లో మనవాళ్లు ఒక్క ఆటా గెలవలేదు, కానీ హంగరీతో 1-2 దాకా పోరాడారు, ఫ్రాన్సును 1-1తో నిలువరించారు. ఆ హంగరీ కంచు పతకంతో ఇంటికి వెళ్లింది.

జకార్తా

1962 ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం ఆరోగ్యం దెబ్బతింటోంది. జట్టును మాత్రం వదల్లేదు.

ఆ జట్టును ఒకసారి చూడండి. కెప్టెన్ చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ బెంగాల్ క్లబ్బుల్లో ఆడేవారు. జర్నైల్ సింగ్ పంజాబీ. చంద్రశేఖర్ కేరళవాడు. ఫ్రాంకో గోవా మూలాలున్నవాడు. బలరాం, యూసుఫ్ ఖాన్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ హైదరాబాదుతో సంబంధం ఉన్నవాళ్లు. ఇళ్లలో మాట్లాడే భాషలు వేరు, తిండి వేరు, ఆడే క్లబ్బులు వేరు. ఏడాదంతా ఒకరి మీద ఒకరు పోటీపడి ఆడేవాళ్లు, ఇక్కడ ఒకరికొకరు బంతి అందించుకోవాలి.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయారు. తర్వాత థాయిలాండ్ మీద 4-1తో, జపాన్ మీద 2-0తో గెలిచారు. కానీ థాయిలాండ్‌తో ఆడుతుండగా వెనక వరుసకు ఆధారమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గాయపడిన తలతో డిఫెండర్‌గా ఆడటం కష్టం. వేరే శిక్షకుడైతే అతణ్ణి పక్కన కూర్చోబెట్టేవాడేమో. జర్నైల్ కాలేజీ రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడాడు. రహీం అతణ్ణి ముందు వరుసకు మార్చారు. వెనక చోటును అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద మనం 3-2తో గెలిచాం, అందులో ఒక గోలు జర్నైల్‌దే.

ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియాయే. దానికి తోడు మైదానం బయట ఇంకో చిక్కు వచ్చింది. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. అలాగైతే వీటిని ఆసియా క్రీడలు అనకూడదని భారతదేశానికి చెందిన క్రీడా నాయకుడు జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో జకార్తాలో భారతీయుల మీద కోపం రగిలింది, మన దౌత్య కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. తమ తప్పు ఏమీ లేకపోయినా ఆటగాళ్లు భయం భయంగా ఉండాల్సి వచ్చింది. ఫైనల్ ముందు రోజు రాత్రి రహీం ఆటగాళ్లను కూర్చోబెట్టుకుని, తనకు ఒక బహుమతి కావాలని, అది ఆ బంగారు పతకమేనని అడిగారు.

1962 సెప్టెంబర్ 4. సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్షమంది జనం, వాళ్లలో ఎక్కువమంది మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. మన జాతీయ గీతం వచ్చినప్పుడు కూడా గోల ఆగలేదు. ఆ జనం మధ్య మనవాళ్లకు మద్దతుగా అరిచినవాళ్లలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు. జబ్బు నుంచి కోలుకున్న తంగరాజ్ గోలు దగ్గర నిలబడ్డాడు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. 20వ నిమిషంలో తలకు కుట్లతో ఉన్న జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు. చివర్లో కొరియా ఒక గోలు తిరిగిచ్చినా మనవాళ్లు పట్టు వదల్లేదు. 2-1తో బంగారు పతకం మనదైంది. మాస్టారు అడిగిన బహుమతి ఇచ్చారు.

ఆ తర్వాత

రహీంకు వచ్చింది క్యాన్సర్. జకార్తా నుంచి వచ్చిన కొద్ది నెలలకే మంచం పట్టారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లే. ఆ తర్వాత భారత జట్టు 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచింది. బంగారం మాత్రం ఇంతవరకు మళ్లీ రాలేదు.

ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. వాయుసేనలో పనిచేసి, అంతర్జాతీయ రిఫరీ కూడా అయ్యారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. రహీంకు బతికున్నప్పుడు పెద్ద బిరుదులేవీ రాలేదు. దేశంలో శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలయ్యేనాటికి ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. తర్వాతి కాలంలో ఐ-లీగ్‌లో ఉత్తమ శిక్షకుడికిచ్చే అవార్డుకు ఆయన పేరు పెట్టారు.

ఇంత దూరం సూరత్‌లో కూర్చుని మనం ఈయన గురించి ఎందుకు చదవాలి? మనలో చాలామంది అమ్మానాన్నల బదిలీలతో రెండు మూడేళ్లకు ఒకసారి బడి మారుతున్నవాళ్లం. కొత్త తరగతిలో జట్లు అప్పటికే కుదిరిపోయి ఉంటాయి. కొత్తగా వచ్చినవాణ్ణి గీత అవతల నిలబెడతారు. అక్కడ నిలబడ్డవాళ్లకూ, జట్టులో ఉన్నవాళ్లకూ కూడా రహీం మాస్టారి దగ్గర పాఠం ఉంది. జట్టులో ఉన్నవాళ్లు కొత్తవాడికి బంతి అందించాలి. జర్నైల్ సింగ్‌లా, పాత చోటు దొరకనివాడు కొత్త చోట ఆడటానికి సిద్ధంగా ఉండాలి.

ఇంకో మాట. వీధిలో గుజరాతీ, బడిలో హిందీ, ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతున్న మనకు తెలుగు చదవడం, రాయడం ఆ ఎడమ కాలి లాంటిదే. ఇంట్లో మాట్లాడతాం కానీ రాయమంటే ఒత్తులు తప్పుతాయి, గుణింతాలు తారుమారవుతాయి. నవ్వుతారని మానేస్తే ఆ కాలు ఎప్పటికీ బలపడదు. రహీం మాస్టారి పోటీల్లో పిల్లలు చేసింది ఒక్కటే, నవ్వినా సరే ఆ కాలితోనే ఆడటం. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు అమ్మమ్మకో తాతయ్యకో ఈ కథ తెలుగులో చెప్పండి. తర్వాత నాలుగు వాక్యాలు తెలుగులో రాయండి. వచ్చే ఏడాది ఈ పేజీల్లో మీ రచన ఉండాలి.